నాలుగో నంబరు గాలి

కొండ మీది ఇల్లు,
సోమవారం

అన్నయ్యకు,

ఫోన్‌లో మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నువ్వు "ఆఁ, అందరం బాగున్నాం" అన్నావు. నలభై ఏళ్ళు హారన్లు బాగుచేసి చెవులు పోగొట్టుకున్నవాడితో ఫోన్‌లో మాట్లాడబోవడం నాదే బుద్ధితక్కువ. కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయని వదిన చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

బండిలో గాలి రావడం లేదు. ఏసీ వేసినా, వేడి గాలి పెట్టినా ఒకటే, డ్యాష్‌బోర్డు రంధ్రాల్లోంచి ఊపిరి కూడా రాదు. ఆయన పోయి రెండేళ్ళయింది, ఆ పాత ఎస్‌యూవీతోనే నేను బతుకుతున్నాను. వారానికి మూడు రోజులు నలుగురు కిడ్నీ రోగుల్ని కింద ఆసుపత్రికి దింపి, సాయంత్రం పైకి తెస్తాను. ఇప్పుడు వానలు. లోపల అద్దానికి ఆవిరి పట్టిందంటే రోడ్డు కనపడదు. మొన్న ముందు సీట్లో కూర్చున్న దర్జీ తన తువ్వాలుతో అద్దం తుడుస్తూ ఉంటే నేను ఘాట్ దిగాను. వెనక కూర్చున్న టీచరమ్మ దేవుడి పేర్లన్నీ అయిపోయి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

వచ్చే నెల ఆసుపత్రివాళ్ళ తనిఖీ. రెండు నిమిషాల్లో అద్దం మీద ఆవిరి పోవాలి. పోకపోతే ఒప్పందం కొత్త బండ్లవాడికి వెళ్ళిపోతుంది. నాకున్నది ఈ ఒక్క పని.

ఇక్కడి మెకానిక్ నీకు తెలుసుగా, ఏం చెప్పినా "చూద్దాంలే అమ్మా" అంటాడు, వీధంతా అతన్ని చూద్దాంలే అనే పిలుస్తారు. ఏసీలో గ్యాస్ తగ్గిందని గ్యాస్ నింపాడు. తర్వాత గాలి వడకట్టే జల్లెడ మార్చాడు. ఆ తర్వాత బటన్ మార్చాడు. ఇప్పుడు కొత్త బటన్ తిప్పితే కొత్తగా గాలి రావడం లేదు.

నీకు తీరిక ఉంటే ఏం చెయ్యాలో రాయి. వెటకారం సగం తగ్గించి రాసినా అర్థం చేసుకుంటాను.

నీ చెల్లెలు

—

షాపు వెనక గది,
శుక్రవారం

చెల్లెమ్మకు,

వెటకారం తగ్గించమన్నావు. సగం కాదు, మొత్తం తీసేసి రాద్దామనుకున్నాను. కానీ అప్పుడు ఉత్తరంలో ఏమీ మిగలదు.

ఫ్యాన్ తిరగని బండికి గ్యాస్ నింపాడా. ఆకలేస్తోందన్నవాడికి చెప్పులు కొనిపెట్టే రకం అన్నమాట. నువ్వు నింపించుకున్నావు చూడు, నీది అంతకంటే పెద్ద తెలివి. గాలిని చల్లబరిచేది గ్యాస్. గాలిని తోసేది ఫ్యాన్. తోసేవాడే పడుకుంటే చల్లబరిచేవాడు ఏం చేస్తాడు? ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. అయినా నిన్ననేం లాభం, మీ ఇంట్లో బండి పరిజ్ఞానం ఎప్పుడూ అంతే. మీ ఆయన బానెట్ తెరిస్తే మూయడానికి ఇంకో మనిషిని పిలవాలి. ఇరవై ఏళ్ళు స్టీరింగ్ పట్టుకుని, ఫ్యూజు డబ్బా ఎక్కడుందో నన్ను అడిగిన మహానుభావుడు.

నువ్వు రాసిన రెండు పేజీల్లో కావలసిన ముక్క ఒక్కటీ లేదు. దర్జీ తువ్వాలు గురించి రాశావు. ఫ్యాన్ బటన్ మీద నాలుగు నంబర్లుంటాయి, ఏ నంబరులో రావడం లేదో రాయలేదు. నాలుగింటిలోనూ రావడం లేదా? లేక ఒకటి, రెండు, మూడులో రాక, నాలుగులో మాత్రం వస్తోందా? పోయి తిప్పి చూడు.

నాలుగులో వస్తే మోటారు బతికే ఉందని అర్థం. అప్పుడు పోయింది రెసిస్టర్. ఎడమవైపు సీటు ముందు కాగితాలు పెట్టుకునే అర ఉంది కదా, దాని వెనక అరచేతిలో పట్టేంత ముక్క, రెండు స్క్రూలు. చిన్న నంబర్లకు కరెంటు దానిలోంచి పోతుంది, నాలుగుకు దాన్ని తప్పించుకుని నేరుగా పోతుంది. అది మార్పించు. చూద్దాంలేకు రెండు స్క్రూలు తిప్పడం వచ్చో రాదో, పక్కన నిలబడి చూడు.

అన్నయ్య

—

కొండ మీది ఇల్లు,
మరుసటి నెల మొదటి బుధవారం

అన్నయ్యకు,

నువ్వు చెప్పినట్టే నాలుగులో వచ్చింది. వచ్చింది అంటే అలా ఇలా కాదు. టీచరమ్మ ఒళ్ళో ఆసుపత్రి కాగితాలన్నీ లేచి వెనక సీటుకి వెళ్ళాయి. సరేనని రెసిస్టర్ మార్పించాను. చూద్దాంలే చేతిలో ఒక స్క్రూ పడిపోయి కనపడకుండా పోతే, నేనే కింద పడుకుని వెతికి బిగించాను. ఒకటి, రెండు, మూడు, అన్నిట్లోనూ బుద్ధిగా గాలి వచ్చింది. ఊరంతా మా అన్నయ్య ఎంతటివాడో చెప్పుకుని తిరిగాను.

తొమ్మిది రోజులు తిరిగాను. పదో రోజు ఘాట్ మధ్యలో కాలిన వాసన. బండి పక్కకు ఆపి అందర్నీ దింపాను. వానలో నలుగురు జబ్బు మనుషులు రెండు గొడుగుల కింద నిలబడ్డారు. కొత్త రెసిస్టర్ మాడిపోయింది, దానికి తగిలించే ప్లగ్గు కరిగి ముద్దయింది. మళ్ళీ నాలుగులో మాత్రమే గాలి.

నీ నలభై ఏళ్ళ అనుభవం సరిగ్గా తొమ్మిది రోజులు పనిచేసింది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు, నీ విషయంలో పిట్ట కూడా పెద్దదే.

ఆయన గురించి రాశావు. ఆయనకు ఫ్యూజు డబ్బా తెలియకపోవచ్చు. నడిపినన్నాళ్ళు ఆయన ఎవర్నీ రోడ్డు మీద దింపలేదు. తనిఖీకి ఇంక ఇరవై రోజులుంది.

నీ చెల్లెలు

—

షాపు వెనక గది,
ఆదివారం

చెల్లెమ్మకు,

రెసిస్టర్ కాలిందని నా మీద పడ్డావు. వంట మాడితే గిన్నెను తిట్టే బాపతు నువ్వు. తొమ్మిది రోజుల్లో కొత్త రెసిస్టర్ కాలిందంటే దాని తప్పు కాదు, దాని మీద ఎవరో మోయలేనంత బరువు పెట్టారు. ఎవరు? మోటారు. ఈ మాట నేను ముందే రాసి ఉండాల్సింది, నీకు ఒకేసారి రెండు విషయాలు బుర్రకెక్కవని ఆగాను.

మోటారు బిగుసుకుపోతే తిరగడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా రెసిస్టర్ మోయాలి, ప్లగ్గు మోయాలి, తీగ మోయాలి. ఎవరు బలహీనులైతే వాళ్ళు ముందు కాలతారు. సంసారంలో కూడా అంతే.

ఈసారి చూద్దాంలేను దగ్గరికి రానివ్వకు. నువ్వే చెయ్యి. రెసిస్టర్ పక్కనే గుండ్రంగా మోటారు ఉంటుంది, మూడు స్క్రూలు. కిందికి లాగు. ఫ్యాన్‌ని వేలితో ఒక్కసారి తిప్పి వదులు. నాలుగైదు చుట్లు తనంతట తాను తిరగాలి. అర చుట్టులో ఆగిందా, పోయినట్టే, కొత్తది కొను. అంతకంటే ముందు బయట వైపర్ల కింద నల్ల జల్లెడ ఎత్తి చూడు. ఆకులు పేరుకుని నీళ్ళు పోయే దారి మూసుకుపోయి ఉంటుంది. ఆ నీళ్ళు సరిగ్గా మోటారు నెత్తిన పడతాయి. చెట్టు కింద బండి పెట్టడం మీ ఆయనకు సరదా కదా, నీడ చూసుకునేవాడు, ఆకు చూసుకునేవాడు కాదు.

ఒక్క విషయం మాత్రం నాకు మింగుడు పడటం లేదు. మోటారు అంత కరెంటు లాగితే ముందు ఫ్యూజు పోవాలి. ప్లగ్గు కరిగేదాకా ఫ్యూజు ఏం చేస్తోంది, నిద్రపోతోందా? అది కూడా చూడు. చూసి, కథలు లేకుండా చూసింది రాయి.

అన్నయ్య

—

కొండ మీది ఇల్లు,
తనిఖీ మర్నాడు

అన్నయ్యకు,

కథలు లేకుండా రాస్తున్నాను.

వైపర్ల కింద అర బకెట్టు కుళ్ళిన ఆకులు. తీసేశాను, నీళ్ళు కిందికి దిగాయి. మోటారు లాగాను. వేలితో తిప్పితే పావు చుట్టు కూడా తిరగలేదు, లోపలంతా తుప్పు. కొత్త మోటారు, కొత్త రెసిస్టర్, కొత్త ప్లగ్గు, అన్నీ నా చేతులతో వేశాను. వెల్లకిలా పడుకుని మెడ పట్టేసింది. తలుపు దగ్గర నిలబడి చూద్దాంలే చూశాడు, అతనికి అంతకంటే ఏం చేతకాదు. ఒకటి నుంచి నాలుగు దాకా గాలి బ్రహ్మాండంగా వస్తోంది. ఈ ఒక్క విషయంలో నువ్వు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను, పండగ చేసుకో.

నిన్న తనిఖీకి వెళ్ళాను. అద్దం మీద ఆవిరి నిమిషంలో పోయింది. ఇన్‌స్పెక్టర్ చాలా నెమ్మదైన మనిషి, పెన్ను జేబులోంచి తీయడానికే అర నిమిషం పడుతుంది. అంతా బాగుందని రాయబోతూ ఫ్యూజు డబ్బా తెరవమన్నాడు. నేను మోటారు సంబరంలో అది చూడటం మర్చిపోయాను. తెరిచాం.

ఫ్యాన్ ఫ్యూజు ఉండాల్సిన చోట ఫ్యూజు లేదు. రాగి తీగ ఉంది. అగ్గిపుల్ల మందాన, ఇటు కాలు అటు కాలు కలిపి పెట్టారు. చుట్టూ డబ్బా గోధుమరంగుకు మాడింది. ఇన్‌స్పెక్టర్ పెన్ను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. పది రోజుల గడువిచ్చాడు. గడువు దేనికో తర్వాత రాస్తాను.

ముందు నాకొకటి చెప్పు. నువ్వు ఈ పనిలో పెద్దవాడివి. ఫ్యూజు తీసి తీగ పెట్టిన మనిషిని ఏమనాలి? నీ అభిప్రాయం వివరంగా రాయి. నాకు నీ చేతిరాతలో కావాలి.

నీ చెల్లెలు

—

షాపు వెనక గది,
అందిన రోజే

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం చదివి భోజనం దగ్గర్నుంచి లేచిపోయాను. వదిన ఏమైందని అడిగితే, మనుషుల్లో పశువులున్నాయని చెప్పాను. పశువులకు అవమానమంది.

ఫ్యూజు ఎందుకుందనుకుంటున్నావు? ముందు తను చచ్చి, మిగతావాళ్ళను బతికించడానికి. దాన్ని తీసి తీగ పెట్టడమంటే కాపలావాడిని గొంతు పిసికి, తలుపు తెరిచి పడుకోవడం. ఆ పని చేసినవాడికి స్క్రూడ్రైవర్ కాదు, గరిటె కూడా చేతికివ్వకూడదు. వాడు చదువురానివాడైతే జాలిపడొచ్చు. కొంచెం తెలిసినవాడైతే క్షమించకూడదు, ఎందుకంటే ఏమవుతుందో తెలిసే పెట్టాడు. ఇవాళ గడిస్తే చాలు, రేపు ఎవడు కాలినా నాకేం అనుకునే రకం. అలాంటివాడు నా షాపులో ఉంటే చెవి పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చేవాణ్ణి. నా దగ్గర పనిచేసిన పదహారు మందిలో ఒక్కడు కూడా అంత దిగజారలేదు.

వాడెవడో నీకు తెలియకపోవచ్చు గానీ నాకు తెలుసు. పోయినవాళ్ళను అనకూడదంటారు. అయినా అంటాను. మీ ఆయనే. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే కొత్తది కొనడానికి బద్ధకించి, ఎక్కడో తీగ ముక్క దొరికితే దోపేసి ఉంటాడు. ఆ మనిషికి బండి ఇచ్చిన రోజే అనుకున్నాను. నలుగురు రోగులు కాలిపోయి ఉండేవాళ్ళు, నువ్వూ కాలిపోయేదానివి. నీ అదృష్టం బాగుండి రెసిస్టర్ ముందు పోయింది.

కాగితం అయిపోయింది గానీ కోపం అవలేదు.

అన్నయ్య

—

కొండ మీది ఇల్లు,
శనివారం

అన్నయ్యకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇంత బాగా నేను ఎప్పటికీ రాయలేను.

ఆ తీగ ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. పోయిన ఉత్తరంలో ఒక సంగతి కావాలనే రాయలేదు. తీగ మధ్యలో నల్ల గుడ్డ టేపు చుట్టి ఉంది. టేపు మీద చెప్పులు కుట్టే మైనం దారం, ఒత్తుగా, వరసగా, పదకొండు చుట్లు. దారం కొస లోపలికి దూర్చి ఉంది, ముడి ఎక్కడా కనపడదు. ప్లాస్టిక్ పట్టీలు వేసేవాళ్ళు పనివాళ్ళే కాదని, ఆ దారం కట్టు తన సంతకమని, అది చూస్తే ఏ ఊళ్ళోనైనా తన పని గుర్తుపట్టొచ్చని చిన్నప్పటి నుంచీ నా చెవులు చిల్లులు పడేలా చెప్పిన మనిషి ఒకడున్నాడు. గుర్తుపట్టాను.

ఎప్పుడు పెట్టావో కూడా గుర్తుకొచ్చింది. నాలుగేళ్ళ కిందట, చిన్నమ్మను ఆసుపత్రి నుంచి తెస్తున్నప్పుడు. ఎండ పేలిపోతోంది, ఏసీ రెండుసార్లు ఆగిపోయింది. నువ్వు దిగి ఐదు నిమిషాల్లో చల్లగాలి తెప్పించావు. చిన్నమ్మ నిన్ను దీవించింది. నేను కూడా మా అన్నయ్య అని పొంగిపోయాను.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. నీకు ఆ పాటి అనుమానం కూడా రాలేదు చూడు, అందుకు నిన్ను మెచ్చుకోవాలి. పెట్టి మర్చిపోయావు. మర్చిపోయి, పోయిన మనిషి మీద రుద్దావు. ఆయన ఉన్నప్పుడు నలుగురిలో ఆయన్ని తీసిపారేస్తే నేను నోరు మూసుకున్నాను, అన్నయ్యవి కదా అని. పోయాక కూడా వదల్లేదు నువ్వు. కాగితం మీద నీ చేత్తో రాయించుకున్నది అందుకే. ఇంక మాట మార్చలేవు.

ఇప్పుడు గడువు సంగతి. ఇన్‌స్పెక్టర్ అన్న మాట ఇది: "తీగ పెట్టింది ఎవరో తెలియకపోతే, ఆ మనిషి ఇంకెక్కడెక్కడ చెయ్యి పెట్టాడో కూడా తెలియదు. గడువు దాటితే అలాంటి బండిలో రోగుల్ని ఎక్కించనమ్మా." పెట్టినవాడు తనే పెట్టానని, ఆ బండిలో ఇంకేం ముట్టుకున్నాడో రాసి సంతకం పెట్టి ఇస్తే, ఆ చోట్లన్నీ చూసుకుని ఒప్పందం ఉంచుతాడు. యజమానే పెట్టాడని తేలితే అక్కడికక్కడే రద్దు. నీ పోయిన ఉత్తరం ఇన్‌స్పెక్టర్‌కి చూపిస్తే నా పని అయిపోయినట్టే.

శుక్రవారం గడువు. రాస్తావో రాయవో నీ ఇష్టం.

నీ చెల్లెలు

—

షాపు వెనక గది,
మంగళవారం

చెల్లెమ్మకు,

దారం కట్టు చూసి ఎవరైనా అనుకరించవచ్చు. నా దగ్గర పదహారు మంది నేర్చుకున్నారు.

సరే, అది వదిలెయ్. ఆ రోజు ఎండ నీకు గుర్తుంది కదా. చిన్నమ్మకు కుట్లు కూడా ఆరలేదు. చుట్టుపక్కల ఒక్క దుకాణం లేదు. అది తాత్కాలికంగా పెట్టింది. తాత్కాలికమంటే ఊరు చేరేదాకా అని. ఊరు చేరాక గుర్తు చెయ్యాల్సింది బండి యజమాని. ఆ మాత్రం బాధ్యత లేదా ఆయనకు? అంతా నా నెత్తిన వేస్తే ఎలా?

పైగా ఇన్‌స్పెక్టర్‌కి రాసిచ్చానంటే సంగతి ఊరంతా పాకుతుంది. ఇక్కడ నా షాపుకి నా పేరే బోర్డు. నలభై ఒక్క ఏళ్ళుగా ఎవరి తీగలో తప్పున్నా నేను చెబుతాను, నాకు చెప్పినవాడు లేడు. పాత ఫ్యూజు డబ్బా తీసేసి కొత్తది వేయించు, నేనే కొని పంపిస్తాను. ఇన్‌స్పెక్టర్‌కి ఏదో ఒకటి చెప్పు.

అన్నయ్య

—

కొండ మీది ఇల్లు,
బుధవారం

అన్నయ్యకు,

డబ్బా నిన్న సాయంత్రమే నేను మార్చాను. నువ్వు కొనక్కర్లేదు.

ఇవాళ నా నలుగురు రోగుల్లో ఒకాయన, గడియారాలు బాగుచేసే పెద్దాయన, వచ్చే వారం కూడా నువ్వేగా తీసుకెళ్ళేది అని అడిగాడు. తెలియదన్నాను. ఆయన బండి దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. అంత బలహీనమైన చెయ్యి ఎప్పుడూ పట్టుకోలేదు నేను.

నీ బోర్డు నువ్వు తుడుచుకుంటూ కూర్చో. ఇంక నీకు రాయను.

—

షాపు వెనక గది,
గురువారం, మనిషి చేత పంపినది

ఆసుపత్రి వాహనాల తనిఖీ అధికారి గారికి,

నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. నలభై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. మీరు చూసిన బండిలో ఫ్యాన్ ఫ్యూజు స్థానంలో రాగి తీగ పెట్టింది నేనే. నాలుగేళ్ళ కిందట పెట్టాను. అది ప్రమాదమని పెట్టేటప్పుడే నాకు తెలుసు.

ఆ బండిలో నా చెయ్యి పడిన చోట్లు ఇవి. హారన్ రిలే మార్చాను. వెనక దీపాల ఎర్త్ తీగ కుడివైపు చక్రం పైన కొత్తగా బిగించాను. టేపు రికార్డర్‌కి వేరే తీగ లాగాను, దానికి ఫ్యూజు ఉంది, బ్యాటరీ పక్కన. బ్యాటరీ కొసలు రెండూ నేను వేసినవే. ఇవి తప్ప మరేదీ ముట్టుకోలేదు. నా పని మైనం దారం కట్టు వల్ల గుర్తుపట్టవచ్చు. దయచేసి అన్నీ విప్పించి చూడండి.

బండి అప్పటి యజమాని మా బావ. ఆయన తప్పు ఏమీ లేదు. ఆ తీగ తీసి ఫ్యూజు వేద్దామని ఆయన నన్ను రెండుసార్లు అడిగారు. మొదటిసారి ఊరు చేరగానే, ఇద్దరమే ఉన్నప్పుడు అడిగారు. సరేనన్నాను, వెయ్యలేదు. రెండోసారి మర్నాడు భోజనాల దగ్గర అడిగారు. అప్పుడు చుట్టాలంతా ఉన్నారు. "బావా, స్టీరింగ్ నీది, తీగలు నావి, నువ్వు తిను" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, కంచంలోకి చూసుకున్నారు. ఆ తర్వాత నన్ను అడగలేదు, ఇంకొకరి దగ్గరికీ వెళ్ళలేదు. వెళితే నా పని తప్పని బయటపడుతుందని వెళ్ళలేదు. నాకు అప్పుడే తెలుసు.

ఈ సంగతి మా చెల్లెలికి తెలియదు. ఆమె భోజనాలప్పుడు చిన్నమ్మ దగ్గర లోపలి గదిలో ఉంది. కవరు అంటించకుండా ఆమె చేతికే పంపిస్తున్నాను.